కోఠి రెసిడెన్సీ: మూసీ ఒడ్డున ఉన్న చారిత్రక భవనం, ప్రాంగణం

కోఠి రెసిడెన్సీ హైదరాబాదు నగరంలో మూసీ నది ఉత్తరపు ఒడ్డున 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో నిర్మించిన రాజప్రాసాద స్థాయి భవనం. నిజాం దర్బారులో ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటుకు నివాసంగా, కార్యాలయంగా దీనిని కట్టారు. కట్టడం 1803 ప్రాంతంలో మొదలైంది, ప్రధాన భాగం 1806 నాటికి పూర్తయింది. బ్రిటిష్ రెసిడెన్సీ అని, కోఠి మహిళా కళాశాల భవనమని కూడా దీనికి పేర్లున్నాయి. 1949 నుంచి ఇది మహిళల ఉన్నత విద్యాసంస్థకు నిలయం. ప్రధాన సౌధం, తోటలు, ద్వారాలు, జెనానా (స్త్రీల నివాసం) అవశేషాలు, భవనం నమూనా, శ్మశానవాటిక కలిసి ఒకే చారిత్రక ప్రాంగణం. ఈ భాగాల్లో దేనిని విడిగా చూసినా తక్కినవాటి అర్థం సగమే తెలుస్తుంది.

రెసిడెన్సీ వ్యవస్థ

18వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఈస్ట్ ఇండియా కంపెనీ స్వదేశీ రాజుల ఆస్థానాలలో తన ప్రతినిధులను ఉంచడం మొదలుపెట్టింది. వీరినే రెసిడెంట్లు అనేవారు. హైదరాబాదుకు తొలి రెసిడెంటుగా జాన్ హాలండ్ 1779లో వచ్చాడు. మొదట్లో రెసిడెంటు పని ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం, వార్తలు సేకరించడం, ఒప్పందాలు కుదర్చడం. సైన్య సహకార ఒప్పందాల తరువాత అతని స్థానం మారింది. కంపెనీ సైన్యం సంస్థానంలోనే విడిది చేసేది, దాని ఖర్చు సంస్థానమే భరించేది. పరాయి రాజ్యాలతో జరిపే వ్యవహారాలన్నీ రెసిడెంటు ద్వారానే సాగేవి.

హైదరాబాదులో ఈ మార్పు రెండు ఒప్పందాలతో వచ్చింది. 1798 సెప్టెంబరు 1 నాటి ఒప్పందం ప్రకారం రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్ తన కొలువులోని ఫ్రెంచి అధికారుల సైన్యాన్ని రద్దు చేసేందుకు అంగీకరించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆ దళాన్ని నిరాయుధం చేశారు. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో, మైసూరు యుద్ధాల ఫలితంగా తనకు దక్కిన జిల్లాలను నిజాం సైన్యపు ఖర్చు కింద కంపెనీకి అప్పగించాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. దత్త మండలాలుగా పేరుపడిన ఈ ప్రాంతానికి 1928లో రాయలసీమ అనే పేరు స్థిరపడింది (చూ. దత్త మండలాలు). ఈ రెండు ఒప్పందాల కాలంలోనూ హైదరాబాదులో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్. కోఠి భవనాన్ని కట్టించింది కూడా ఇతడే.

స్థలం, నది

మూసీ వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు గుండా తూర్పుకు సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1591లో నిర్మించిన చార్మినార్, పాత నగరం, నిజాం మహళ్లు, అమీరుల దేవిడీలు నదికి దక్షిణాన ఉన్నాయి. రెసిడెన్సీ ఉత్తరాన, కోట గోడకు వెలుపల ఉంది. దర్బారుకు దగ్గరగా ఉంటూనే నగర జనావాసానికి దూరంగా ఉండే వీలు ఈ స్థలం కల్పించింది. ఉత్తరాన సికింద్రాబాదులో ఏర్పడిన కంపెనీ సైనిక స్థావరానికి నది దాటకుండానే చేరవచ్చు.

భవనం కట్టిన రోజుల్లో నదిపై ఉన్న వంతెన 1578 నాటి పురానాపూల్ ఒక్కటే. అది రెసిడెన్సీకి ఎగువన చాలా దూరంలో ఉంది. రెసిడెన్సీకి దగ్గరలోని చాదర్‌ఘాట్ వంతెనను మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన జేమ్స్ ఆలిఫెంట్ పర్యవేక్షణలో నిర్మించారు. అది 1831లో పూర్తయింది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద మూసీ రెండు ఒడ్లనూ ముంచెత్తి వేలమందిని బలిగొంది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో వరద నివారణ పథకం రూపొందింది. నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి. నగరంలో నదికి ఇరువైపులా గోడలు, ఉద్యానాలు వచ్చాయి. వరద ప్రమాదం తగ్గింది, దానితో పాటే నదిలో నిత్యం పారే నీరూ తగ్గింది. భవనానికీ నదికీ నడుమ రోడ్లు, ఇళ్లు, దుకాణాలు పెరిగాయి. అందువల్ల ఇది నదీతీర భవనమన్న సంగతి నేటి సందర్శకుడికి చూడగానే తట్టదు. దక్షిణపు వరండా, తోట ఏ దిక్కుకు తెరుచుకున్నాయో గమనించినప్పుడే అది తెలుస్తుంది.

నిర్మాణ చరిత్ర

కిర్క్‌ప్యాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. ఫారసీ, హిందుస్తానీ భాషలు నేర్చి, హైదరాబాదు ఆస్థాన మర్యాదలను అలవరచుకున్నాడు. నిజాం ఆస్థాన ప్రముఖుడు మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. ఈ వివాహంపై గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించినా కిర్క్‌ప్యాట్రిక్ పదవిలో కొనసాగాడు.

నిర్మాణ వ్యయం నిజాం భరించాడు. స్థలం మంజూరు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కిర్క్‌ప్యాట్రిక్ మొదట పెద్ద కాగితంపై గీసిన పటం చూపితే నిజాం నిరాకరించాడట. అదే పటాన్ని చిన్న కార్డుపై గీయించి మళ్లీ చూపితే వెంటనే ఒప్పుకున్నాడట. పటం నిండుగా కనబడటంతో రాజ్యంలో పెద్ద భాగమే అడుగుతున్నారని నిజాం మొదట భావించాడని ఈ కథ చెబుతుంది. బ్రిటిష్ వర్గాల ద్వారా వ్యాపించిన ఈ కథను ఆనాటి అధికారుల దృష్టికి ఉదాహరణగానే తీసుకోవాలి.

నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళ అధికారి శామ్యూల్ రస్సెల్. 1803లో నిజాం అలీఖాన్ మరణించడంతో సికందర్ జా గద్దెనెక్కాడు. పని అతని కాలంలోనూ సాగింది. కిర్క్‌ప్యాట్రిక్ పూర్తయిన భవనంలో నివసించలేకపోయాడు. 1805లో తన ఇద్దరు పిల్లలను ఇంగ్లండుకు పంపి, తాను కలకత్తా వెళ్లి, అక్టోబరు 15న అక్కడే మరణించాడు. మిగిలిన పనులు, అలంకరణ తరువాతి రెసిడెంట్లు థామస్ సిడెన్‌హామ్, హెన్రీ రస్సెల్ హయాముల్లో సాగాయి. ఖైరున్నీసా 1813లో హైదరాబాదులో కన్నుమూసింది.

పిల్లలు ఇంగ్లండు వెళ్లేముందు చిత్రకారుడు జార్జి చిన్నెరీ మద్రాసులో వారి చిత్రం గీశాడు. వారిలో కూతురు కిట్టీ కిర్క్‌ప్యాట్రిక్ స్కాట్లండు రచయిత థామస్ కార్లైల్‌కు పరిచయమైంది. ఆయన ‘సార్టర్ రిసార్టస్’లోని బ్లుమీన్ పాత్రకు ఆమె ప్రేరణ అని పలువురు విమర్శకుల అభిప్రాయం. విలియం డాల్రింపుల్ 2002లో వెలువరించిన ‘వైట్ మొఘల్స్’ ఈ కుటుంబ చరిత్రను విస్తృత పాఠకలోకానికి తెలియజేసింది.

వాస్తు రీతి

రెసిడెన్సీ పల్లాడియన్ రీతిలో కట్టిన భవనం. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో గ్రీకు, రోమను ఆలయాల కొలతలను ఇళ్లకు అన్వయించి రూపొందించిన పద్ధతి ఇది. మధ్యలో ఎత్తైన ప్రధాన భాగం, ఇరుపక్కలా సరిసమానమైన రెక్కలు, ముందు స్తంభాల మంటపం, దానిపై త్రికోణాకారపు శిఖరభాగం దీని ముఖ్య లక్షణాలు. కలకత్తాలో 1803లో పూర్తయిన గవర్నమెంట్ హౌసు, వాషింగ్టన్‌లోని శ్వేతసౌధం ఇదే సంప్రదాయానికి చెందిన సమకాలీన కట్టడాలు.

బాహ్య భాగం: ప్రధాన ముఖం ఉత్తరానికి ఉంటుంది. వెడల్పైన మెట్ల వరుసకు అటూ ఇటూ రెండు పెద్ద సింహ విగ్రహాలున్నాయి. మెట్లెక్కితే ఆరు కొరింథియన్ స్తంభాల మంటపం వస్తుంది. స్తంభాల తలలపై ఆకుల గుత్తుల అలంకరణ ఈ శైలికి గుర్తు. మంటపంపై త్రికోణ భాగంలో ఈస్ట్ ఇండియా కంపెనీ చిహ్నం ఉంది. ఖర్చు భరించినది నిజాం, నుదుటిన నిలిచినది కంపెనీ ముద్ర. ఆనాటి రాజకీయ సంబంధానికి ఈ భవనం మీద ఇంతకన్నా స్పష్టమైన ఆధారం లేదు. దక్షిణ ముఖం నది వైపు, తోటలకు తెరుచుకునే వరండాలతో ఉంటుంది. ప్రధాన భాగానికి రెండు పక్కలా ఉన్న రెక్కలను స్తంభాల నడవాలు కలుపుతాయి.

అంతర్భాగం: మంటపం దాటగానే రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు వస్తుంది. రెసిడెంటు అధికారిక సమావేశాలు, విందులు ఇక్కడే జరిగేవి. చుట్టూ పై అంతస్తు వసారా, పెద్ద అద్దాలు, వేలాడే దీపగుచ్ఛాలు దీని అలంకరణ. వీటిలో కొన్ని ఇంగ్లండు యువరాజు బ్రైటన్ మహలు నుంచి వచ్చాయని ప్రతీతి. హాలు వెనుక ఉన్న ప్రధాన సోపానం కొంత ఎత్తు వరకు ఒకటిగా సాగి, ఆపై రెండు పాయలుగా చీలి పై అంతస్తు చేరుతుంది. అండాకారపు గదులు ఈ భవనంలో మరో ప్రత్యేకత.

సామగ్రి: ఇటుక, రాయి, గచ్చు ఈ కాలపు కట్టడాలకు ప్రధాన సామగ్రి. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరిన ముద్దను డంగు సున్నం అంటారు. కరక్కాయ నీరు, బెల్లం నీరు కలిపి బిగువు పెంచడం దక్షిణాదిలో పనివారి వాడుక. పై పూతకు మెత్తని సున్నాన్ని పలచటి పొరలుగా పూసి రాయితో రుద్ది నునుపు తేలుస్తారు. ఇలా చేసిన మద్రాసు గచ్చు పాలరాయిలా మెరిసేది. యూరపులో రాతితో చెక్కించిన రూపాలను ఇక్కడి మేస్త్రీలు ఇటుక, గచ్చులతో సాధించారు. నమూనా గీసిన అధికారి పేరు చరిత్రలో నిలిచింది. దానిని రూపొందించిన పనివారి నైపుణ్యం గోడల మీదే నమోదై ఉంది.

ప్రాంగణం

తోటలు: ఉత్తరాన మెట్ల ముందు వాహనాలు, ఏనుగులు వచ్చి ఆగేందుకు విశాలమైన ఆవరణ ఉండేది. దక్షిణపు తోట నది వైపు సాగేది. కిర్క్‌ప్యాట్రిక్‌కు తోటపనిపై మక్కువ ఎక్కువ. మామిడి మొదలైన పండ్ల చెట్లు తెప్పించి నాటించేవాడు.

రంగ్ మహల్: ఖైరున్నీసా కోసం ప్రాంగణంలోనే మొఘల్ పద్ధతిలో కట్టించిన జెనానా ఇది. చుట్టూ గోడ, లోపల హౌజు, తోట, చిత్రాలతో అలంకరించిన గదులు ఉండేవి. ప్రధాన సౌధం యూరపు పద్ధతిలోనూ, జెనానా దక్కనీ కులీనుల ఇళ్ల పద్ధతిలోనూ ఉండటం ఈ ప్రాంగణపు విశేషం. ఈ భవనాన్ని 1860 ప్రాంతంలో కూల్చివేశారు. కొద్దిపాటి అవశేషాలే మిగిలాయి.

భవన నమూనా: జెనానా తోట స్థలంలో రెసిడెన్సీ భవనానికి చిన్న నమూనా ఉంది. పరదా పాటించే ఖైరున్నీసా సౌధం ముందరి రూపాన్ని చూడలేదు గనుక ఆమె కోసం దీన్ని కట్టించారని ఒక కథనం. చెట్టుకొమ్మ పడి దెబ్బతిన్న ఈ నమూనాను తరువాత బాగుచేశారు.

ద్వారాలు, ప్రహరీ: విక్టోరియా రాణి గౌరవార్థం పేరుపెట్టిన ఎంప్రెస్ గేటు ప్రాంగణ ద్వారాలలో ముఖ్యమైనది. ప్రహరీని బలపరచింది 1857 దాడి తరువాత.

శ్మశానవాటిక: హైదరాబాదులో మరణించిన రెసిడెన్సీ అధికారులు, వారి కుటుంబ సభ్యుల సమాధులు ప్రాంగణంలోనే ఉన్నాయి. సమాధి ఫలకాల మీది పేర్లు, వయసులు, తేదీలు ఆనాటి సామాజిక చరిత్రకు ఆధారాలు.

1857 దాడి

ఉత్తర భారత తిరుగుబాటు సెగ 1857 వేసవిలో హైదరాబాదును తాకింది. ఔరంగాబాదు వైపు తిరుగుబాటులో పాల్గొన్న జమేదారు చీదా ఖాన్ తన అనుచరులతో నగరానికి రాగా, దివాను సాలార్ జంగ్ వారిని పట్టుకొని రెసిడెంటుకు అప్పగించాడు. వారి విడుదలకై జులై 17, శుక్రవారం, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది రోహిల్లాలు రెసిడెన్సీ మీదికి వచ్చారు.

దాడి చేసినవారు పడమటి గోడకు ఎదురుగా, పుత్లీబౌలి వైపున్న షావుకార్ల ఇళ్లను ఆక్రమించి కాల్పులు జరిపారు. దివాను ముందే కబురు పంపడం వల్ల రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్‌సన్ ఫిరంగులు, సిపాయిలతో సిద్ధంగా ఉన్నాడు. కాల్పులు రాత్రంతా సాగి తెల్లవారుజామున ఆగాయి. దాడి విఫలమైంది.

తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. అదే నెలలో తూప్రాన్ సమీపంలో అతన్ని చంపి, శవాన్ని నగరంలో బహిరంగంగా వేలాడదీశారు. కోఠిలోని స్మారక స్తంభం ఈ పోరాటానికి గుర్తు.

అండమాన్‌తో సంబంధం: మౌల్వీ అల్లావుద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించి 1859లో అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే మరణించాడు. 1858 మార్చి 10న జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరాన్ని ప్రారంభించాడు. అంటే అల్లావుద్దీన్ ఆ స్థావరపు తొలినాళ్ల ఖైదీలలో ఒకడు. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు అప్పటికి లేదు. ఆ రోజుల్లో ఖైదీలు అడవులు నరికి, రోడ్లు వేసి, రాస్ దీవిలో అధికారుల బంగళాలు కట్టారు. హైదరాబాదు నదీతీర భవనంపై గురిపెట్టినవాడి జీవితం ఆ దీవులలో ముగిసింది. ఈ చరిత్ర నేడు శ్రీ విజయపురంగా పేరుమారిన పోర్ట్ బ్లెయిర్, ఆస్టినాబాద్ పరిసరాల తెలుగువారికి హైదరాబాదునూ అండమాన్‌నూ కలిపే సొంత చరిత్ర (చూ. సెల్యులార్ జైలు, రాస్ దీవి).

రెసిడెన్సీ బజార్లు

భవనం చుట్టూ పెరిగిన వ్యాపార ప్రాంతం రెసిడెన్సీ బజార్లుగా పేరుపొందింది. నేటి సుల్తాన్ బజార్ ఇందులోదే. షావుకార్లు, అప్పుల వ్యాపారులు ఇక్కడ స్థిరపడ్డారు. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన విలియం పామర్ కంపెనీ వ్యవహారం ఇక్కడి నుంచే నడిచింది. దాని అధిక వడ్డీలను 1820 నుంచి 1825 వరకు రెసిడెంటుగా ఉన్న చార్లెస్ మెట్‌కాఫ్ తీవ్రంగా వ్యతిరేకించాడు.

ఈ ప్రాంతంపై అధికార పరిధి రెసిడెంటుది. 1933లో దానిని నిజాంకు తిరిగి అప్పగించారు. అంతవరకు నిజాం ఉత్తర్వులు నేరుగా వర్తించకపోవడంతో సభలకు, సంస్థలకు ఇక్కడ కొంత వెసులుబాటు దొరికింది. 1901 సెప్టెంబరు 1న ప్రారంభమై తెలంగాణలో తెలుగు చదువుకు ఊపిరిపోసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లోనే స్థిరపడింది (చూ. గ్రంథాలయోద్యమం).

విద్యాసంస్థగా

1947లో బ్రిటిష్ పాలన ముగియడంతో రెసిడెంటు పదవి రద్దయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల 1924లో నాంపల్లిలో కొద్దిమంది విద్యార్థినులతో మొదలైంది. 1949లో అది రెసిడెన్సీకి మారింది. దర్బారు హాలు, అండాకారపు గదులు, రెక్కల గదులు తరగతులకు, కార్యాలయాలకు ఉపయోగపడ్డాయి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాల తొలితరం పట్టభద్రురాళ్లు ఇక్కడ చదువుకున్నారు. 2022లో ఈ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

పరిరక్షణ

ఎక్కువ రద్దీ, వాననీటి కారుడు, చెదలు, గోడల్లో మొలిచిన రావి, మర్రి మొక్కల వేళ్లు భవనాన్ని దెబ్బతీశాయి. ప్రపంచ స్మారకాల నిధి సంస్థ 2002 నాటి ప్రమాదస్థితిలోని వంద కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ తరువాత దశలవారీగా ద్వారం, తోట, శ్మశానవాటిక, ప్రధాన సౌధాలకు మరమ్మతులు జరిగాయి.

ఇలాంటి మరమ్మతులో సిమెంటు వాడకపోవడం మూలసూత్రం. సున్నపు గోడ తేమను పీల్చి తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచిపోయి ఇటుక పిప్పి అవుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుకే పాత పూతను పరీక్షించి, అదే పాళ్లలో సున్నం, ఇసుక కలిపి పూస్తారు. కప్పు మీది నీటి దారులను సరిచేయడం, మొక్కలను వేళ్లతో సహా తొలగించడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పనులు.

సందర్శన

ప్రాంగణం కోఠిలో ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ, సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్లు దగ్గరివి. ఇది నడుస్తున్న విద్యాసంస్థ గనుక ప్రవేశ వేళలు, అనుమతి నియమాలు ముందుగా తెలుసుకొని వెళ్లాలి. తరగతులు జరిగే చోట ఫోటోలు తీయడం, పెద్దగా మాట్లాడటం తగదు.

చూడటానికి అనువైన క్రమం ఇది: ముందు ఉత్తరపు ఆవరణలో దూరంగా నిలబడి ముఖభాగాన్ని, త్రికోణంలోని చిహ్నాన్ని గమనించాలి. సింహాల నడుమ మెట్లెక్కి దర్బారు హాలు, సోపానం, అండాకారపు గదులు చూడాలి. తరువాత దక్షిణపు వైపు వెళ్లి నది దిశను గుర్తుపట్టాలి. ఆపై జెనానా స్థలం, నమూనా, ఎంప్రెస్ గేటు, శ్మశానవాటిక చూడవచ్చు. పుత్లీబౌలి వైపు నడిస్తే 1857 కాల్పులు జరిగిన దిక్కు అర్థమవుతుంది. చాదర్‌ఘాట్ వంతెన మీదికి వెళ్తే నదికీ ప్రాంగణానికీ ఉన్న దూరం కళ్లకు కడుతుంది. నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియం ఈ సందర్శనకు మంచి కొనసాగింపు.

సారూప్య కట్టడాలు

లక్నో రెసిడెన్సీ 1857 ముట్టడిలో ధ్వంసమై శిథిలరూపంలోనే స్మారకంగా ఉంది. బొల్లారంలో 1860లో నిర్మించిన రెసిడెంటు విడిది భవనం నేడు రాష్ట్రపతి నిలయం. అండమాన్‌లోని రాస్ దీవి, అంటే నేటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవిలో చీఫ్ కమిషనర్ బంగళా శిథిలాలను చెట్ల వేళ్లు అల్లుకున్నాయి. ఒకటి స్మారకంగా, ఒకటి రాజ్యాంగ పదవికి విడిదిగా, ఒకటి శిథిలంగా మిగలగా, కోఠి రెసిడెన్సీ విద్యాలయంగా కొనసాగుతోంది.

ప్రాధాన్యం

వాస్తు చరిత్రలో కోఠి రెసిడెన్సీ దక్షిణ భారతంలో పల్లాడియన్ రీతికి ముఖ్యమైన ఉదాహరణ. రాజకీయ చరిత్రలో ఇది నిజాం రాజ్యంపై కంపెనీ పట్టు బిగిసిన చోటు. 1853లో కంపెనీకి బీరారు అప్పగింత వంటి నిర్ణయాలు రెసిడెంట్ల మధ్యవర్తిత్వంతోనే సాగాయి. సామాజిక చరిత్రలో కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నీసాల వివాహం, రంగ్ మహల్ కూల్చివేత కలిసి పాలకుల వైఖరిలో వచ్చిన మార్పుకు సాక్ష్యం. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఇది 1857 నాటి హైదరాబాదు తిరుగుబాటుకు రంగస్థలం. మహిళా విద్య చరిత్రలో ఏడు దశాబ్దాలకు పైబడిన కేంద్రం. అందుచేత దీని సంరక్షణ సౌధం గోడలతో ఆగరాదు. తోట, జెనానా అవశేషాలు, సమాధులు, నదితో ఉన్న సంబంధం కూడా సంరక్షణ పరిధిలో ఉన్నప్పుడే ఈ చరిత్ర పూర్తిగా నిలుస్తుంది.